జీరో లోయలో వరిసేద్యము

మన దేశమునకు ఈశాన్యమూలను, పడమట భూటానము, ఉత్తరమున టిబెట్టు, తూర్పున బర్మా సరిహద్దులుగా అరుణాచల ప్రదేశము కలదు. బయటివారు అనుమతిపత్రము లేక అచట అడుగిడరాదు. ఒక లోయవారి భాష ప్రక్కలోయవారికి తఱచు తెలియదు. 1987లో ఇది రాష్ట్రమయ్యెను.

ఆ కొండలలో సుమారు 5,000 అడుగుల యెత్తున జీరో యను లోయ యున్నది. అందు అపతానీలు వసింతురు. పొరుగువారగు నిషీలు అడవి నఱికి పోడు చేసినవారు. అపతానీలో, తరతరములుగా అవే మళ్లలో వరి నాటుచున్నారు. వారి పూర్వపద్ధతిలో నాగలి లేదు, కాడియెద్దు లేదు. మిథునమను కొండపశువు వారికి కలదుగాని, అది బలికిని మాంసమునకునే గాని దుక్కికి కాదు. నేలనంతయు చేతిపనిముట్లతోనే త్రవ్వుదురు. అందు పెద్దభాగము స్త్రీల కష్టమే.

కొండవాగు నీటిని కాలువలుగా మళ్లించి, గట్టులో వెదురుగొట్ట మమర్చి, మడినుండి మడికి దింపుదురు. గట్లమీద చోళ్లు పెట్టుదురు; జానెడు నేలయు వ్యర్థము కాదు. 1960 తరువాత మళ్లలో చేపలను గూడ పెంచసాగిరి. మడిలో కందకము త్రవ్వి యుంతురు. నీరు తగ్గినప్పుడు చేప అందులో దాగును. జూలైలో ద్రీ పండుగనాడు పైరుకు పురుగు తగులకుండ బలులిత్తురు. నవ్వ నక్కఱలేదు, మన పోలేరమ్మ కొలుపునకును దానికిని ఎంతో దూరము లేదు.

1944లో ఈ లోయకు వెళ్లి, పిమ్మట వీరినిగూర్చి గ్రంథము వ్రాసిన హైమెన్‌డార్ఫ్ దొర మనకు క్రొత్తవాడు కాడు. అంతకుముందే నల్లమల చెంచులను, గోదావరి కొండరెడ్లను చూచి వ్రాసినవాడు. ఆయన భార్య సమాధి ఆదిలాబాదు సీమలోని మార్లవాయిలో నున్నది.

ఇట్లు మన డెల్టాలో ఏల చేయరాదని సభ్యులు నన్నడుగుదురు. ఒక్క రైతు పూనికతో కాదని నా యభిప్రాయము. పైమడివాడు పురుగుమందు చల్లెనా, ఆ నీరు దిగి క్రిందిమడి చేప చచ్చును. కాలువ కట్టివేసిన దినములలో కందకమును ఎండును. నష్టము పడువాడు చిన్నరైతే. కావున ఒక బోదె క్రింది రైతులందఱు మందు మానుటకు ముందుగా ఒప్పుకొనవలెను. చెఱువు క్రింది మళ్లైన మఱింత మేలు. అట్టి యొప్పుదల కుదిరినచోట తొలియేట ఒక చిన్నమడిలోనే కందకము త్రవ్వి చూడుడు. అప్పు తీసి పిల్లలను కొనవలదు.