నుడికట్టులోని గుట్టు

మధ్యాహ్నపు పనులు సద్దుమణిగిన పిమ్మట పత్రికను చేతబట్టిన మన సోదరీమణులలో పెక్కుమంది కథలను, వంటల శీర్షికను, కుట్టుపని పుటను శ్రద్ధగా చదివి, గళ్ళనుడికట్టు కడకు వచ్చునప్పటికి పుట త్రిప్పివేయుదురు. "అది నిఘంటువులు వల్లించిన పండితులకు గాని మాకెక్కడిది?" అనుట పరిపాటి. మఱికొందఱు పూనుకొందురు గాని, ఆధారము కడు వింతగా నుండుటచే, తోచిన మాట నొకదానిని గళ్ళలో నింపి, వచ్చు సంచికలో జవాబు చూచుకొని నొచ్చుకొందురు. ఈ రెండు తెగలవారికిని మేము విన్నవింపదలచిన దొకటి గలదు. చక్కగా కట్టిన గూఢ నుడికట్టులో అదృష్టమునకు తావు లేదు. ప్రతి ఆధారమునందును రెండు దారులుండును. ఆ రెండును ఒకే మాటకు చేర్చును. చేరినప్పుడు జవాబు సరియైనదని మనకే తెలిసిపోవును. సంపాదకుని నడుగ నక్కఱలేదు.

ఊరక చెప్పుటకంటె ఒక ఆధారమును విప్పి చూపుట మేలు. దీనిని చూడుడు:

"చీరలో రెండవ స్వరమును దాచిన ఇచ్ఛ (3)."

చివరనున్న అంకె గళ్ళ సంఖ్య. తెలుగున గుణింతముతోను, ఒత్తుతోను గూడిన అక్షర మొక్కటిగా ఒక్క గడిలో నిలుచును. కావున మనకు కావలసినది మూడక్షరముల మాట. ఆధారమును చదువగనే పాటయందు మక్కువగల పడుచు ఏదో ఆశను కొంగుచాటున దాచుకొన్నట్లు తోచును. ఆ భావమును నమ్మరాదు. అది నుడికట్టరి మన కన్నులకు కట్టిన గంత. వాక్యమును విఱిచి చూడవలెను. సాధారణముగా అర్థము వాక్యపు మొదటనో, తుదనో యుండును, నడుమ నుండదు. ఇచ్చట తుదనున్న మాట "ఇచ్ఛ". ఇచ్ఛకు మూడక్షరముల పర్యాయపదము లేవి? కామన, ఆకాంక్ష, కోరిక. మూడును సరిపోవును. ఇంతటితో నిలిచినచో ఊహయే యగును.

రెండవ దారిని పోవుదము. చీరకు మాఱుపేరు కోక. స్వరములలో రెండవది "రి". "దాచిన" అనగా ఒకదాని నడుమ మఱియొకటి నుంచుమని సూచన. కో, క అను రెండక్షరముల నడుమ "రి" నుంచగా కోరిక యైనది. కామనకు గాని, ఆకాంక్షకు గాని ఈ లెక్క కుదురదు. ఇక సందేహించుటకు చోటెక్కడ?

ఇట్టి ఉపాయములు కొన్ని తెలిసియుండిన చాలును. "తలక్రిందులైన తీగ (2)" అనునది నిలువుగా వ్రాయవలసిన ఆధార మనుకొనుడు. "తల" యను మాటను క్రిందినుండి మీదికి చదువగా "లత" యగును. లత యనగా తీగయే. ఇదే అడ్డపు వరుసలో నుండినచో "తలక్రిందులైన" అనుట తగదు, "వెనుదిరిగిన" అనవలెను. ఇంత పట్టింపు కలదు. "ఆది లేని సంసారపు సత్తువ (3)" అనునది వేదాంతమువలె కానవచ్చును గాని, సంసారము అను మాటలో మొదటి అక్షరమును తీసివేయుమని మాత్రమే దాని యర్థము, మిగిలినది సారము. "వనితారథమున దాగిన చుక్క (2)" అన్నచో చుక్క ఆ మాటలోనే దాగియున్నది. వని తార థము అని విఱిచి చదువుడు. "దాయాదులు పంచుకొనునది, పసిబిడ్డ త్రాగునది (2)" అనుచోట మెలిక యేమియు లేదు. రెండర్థములు పక్కపక్కన నిలిచినవి, పాలు అను మాట రెంటికిని చెల్లును. "ఎల్లప్పుడును స్వప్నసమయమే (5)" అనుదానికి కల, కాలము అను రెంటిని చేర్చుకొనుడు: కలకాలము.

ఇప్పుడు గళ్ళయొక్క ఉపకారమును చూడుడు. కోరిక అడ్డముగా పై వరుసలో నున్నదనుకొందము. దాని తుదియక్షరము "క" నుండి కలకాలము నిలువుగా దిగును. దాని తుదియక్షరమైన "ము" కడ, అడుగు వరుసలో, సారము ముగియును. సారము తట్టని పడతికి కలకాలము తట్టినచో "ము" చేతికి వచ్చును. అది పట్టుకొని మిగిలిన రెండక్షరములను వెదకవచ్చును. ముగ్గులో చుక్కలు గీతలను నిలిపినట్లు ఒక మాట మఱియొక మాటను నిలుపును. అయితే తెలుగున ఈ కూర్పు కష్టతరము. ఆంగ్లమున 26 అక్షరములే గనుక మాటలు సులువుగా ఒండొంటిని దాటును. మనకు "త" వేఱు, "తా" వేఱు, "తి" వేఱు. లత తుదినుండి తారను దింపుటకు వీలులేదు. అక్షరములను తారుమారు చేయు ఉపాయము ఆంగ్లమున మిక్కిలి వాడుకలో నున్నది గాని, మనకు "వలన"ను కలచి "నవల" చేయుట వంటివి అరుదుగా దొరకును.

ఈ వినోదము పుట్టినది అమెరికాలో. లివర్పూలునుండి వలసపోయిన ఆర్థర్ విన్ అను పాత్రికేయుడు 1913 డిసెంబరు 21వ తేదీన న్యూయార్క్ వరల్డ్ పత్రికలో మొదటి గళ్ళకట్టును ప్రకటించెను. 1924లో వెలువడిన మొదటి నుడికట్టు గ్రంథమునకు ఒక పెన్సిలును గూడ తగిలించి అమ్మిరి. దానిని కూర్చిన ముగ్గురిలో మార్గరెట్ పెతర్‌బ్రిడ్జి అను యువతి యొకతె. వివాహానంతరము మార్గరెట్ ఫారర్ పేరున 1942లో న్యూయార్క్ టైమ్స్ పత్రికకు మొదటి నుడికట్టు సంపాదకురాలైనది ఆమెయే. అమెరికావారిది సూటియైన అర్థములిచ్చు పద్ధతి. పైని చూపిన గూఢ పద్ధతి ఇంగ్లండులో పెరిగినది. అచ్చట 1926 నుండి అబ్జర్వర్ పత్రికలో నుడికట్టులు కట్టిన మాథర్సుగారు తమకు టార్కెమాడా యని పేరు పెట్టుకొనిరి. పూర్వము స్పెయిను దేశమున మతవిచారణ పేర జనులను చిత్రహింసల పాలుచేసిన అధికారి పేరది! ఆయన అనంతరము 1939లో వచ్చిన మాక్‌నట్‌గారు జిమెనీజ్ అను మఱియొక విచారణాధికారి పేరు తాల్చిరి గాని, ఆ హింసకు నియమములు కల్పించిన పుణ్యాత్ములు వారు. ఖచ్చితమైన అర్థము, న్యాయమైన అక్షరక్రీడ, ఈ రెండు తప్ప ఆధారములో వ్యర్థమైన మాట యుండరాదనుట ఆ సంప్రదాయపు సారము.

మన దేశమున ఆ నియమము లేకపోవుటచే ఏమి జరిగినదో కొంత చెప్పవలెను. స్వాతంత్ర్యమునకు ముందువెనుకల ప్రవేశరుసుము గైకొని పెద్ద బహుమతులు చూపిన నుడికట్టు పందెములు విరివిగా సాగినవి. వానిలోని ఆధారముల మచ్చునకు మేమే ఒకదానిని కల్పించి చూపెదము: "ఇది యున్న యిల్లు నిశ్చింతగా నుండును" అని వ్రాసి, గళ్ళలో ధ, ము అను రెంటిని మాత్రమిత్తురు. ధనమా? ధర్మమా? రెండును ఒప్పే. నిర్వాహకుడు ముందుగా ముద్రవేసి యుంచిన కవరులో ఏది యున్నదో అదియే ఒప్పు. దీనికి పాండిత్యమెందుకు? పాచికలు చాలును. ఇంటి ఖర్చులనుండి మిగిల్చిన రూపాయలను ఇట్టివానికి పంపిన గృహిణి తన తెలివితక్కువచే ఓడితినని కుందుట ఎంత అన్యాయము! 1955లో బహుమతి పందెముల చట్టము వచ్చి, నెలకు బహుమతుల మొత్తము వేయి రూపాయలు మించరాదనియు, అనుమతిపత్రము కావలెననియు కట్టడి చేసినది. ఆ చట్టము జూదపు తీరు పందెములకే గాని నేర్పుపై ఆధారపడిన వానికి వర్తింపదని 1957లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. నేర్పునకును జూదమునకును గల భేదమును న్యాయాధిపతులు నిర్ణయింపవలసి వచ్చినది. కోరిక ఆధారమును విప్పిన మన పాఠకురాలికి ఆ భేదము ఇప్పుడు తెలియును.

ఇట్టి వాక్చమత్కారము స్త్రీలకు కొత్తదియు గాదు. వాత్స్యాయనుడు స్త్రీలు నేర్వదగినవిగా చెప్పిన అఱువదినాలుగు కళలలో ప్రహేళిక యొకటి. దండి తన కావ్యాదర్శమున ప్రహేళికలను పదునాఱు విధములుగా విభజించెను. వారి మాట యటుండనిండు. పొడుపుకథ విప్పలేక అమ్మమ్మచేత వెక్కిరింపబడని తెలుగు బిడ్డ యెవరు?

ప్రారంభించువారు సిరాతో వ్రాయక పెన్సిలుతో వ్రాయుట మంచిది. మొదట దాగిన మాటలను, రెండర్థముల మాటలను పట్టుకొని, వానినుండి దొరకిన అక్షరములతో తక్కినవాని జోలికి పోవలెను. నడుమ పిల్లవాడు లేచినను, పాలు పొంగినను నష్టము లేదు. రాత్రికి మరల చూచునప్పుడు, పగలు మొండికెత్తిన ఆధారము తనంత తానే విప్పుకొనుట కలదు. ఎవరైన ఒక జవాబు చెప్పినచో "ఎట్లు?" అని అడుగుడు. రెండు దారులను చూపలేకున్న గళ్ళలో చేర్చకుడు.

అభ్యాసమునకై ఒకటి వదలుచున్నాము: "పలకను వెనుకకు త్రిప్పినచో దూలమునకు పనికివచ్చును (3)."