ఆపి, రాసుకుని, వదిలేసే డీబగ్గర్

సర్వర్లలో నడిచే ప్రోగ్రాముల్లో కొన్ని తప్పులు ఎప్పుడో గాని బయటపడవు. వేల లావాదేవీలు సవ్యంగా సాగిపోతాయి. ఉన్నట్టుండి ఒక ఖాతా నిల్వ సున్నా కంటే కిందికి పడిపోతుంది. ఎవరు మార్చారు, ఎక్కడ మార్చారు అన్నది తేలదు. కోడులో ప్రింట్ వాక్యాలు చేర్చి మళ్లీ కంపైల్ చేద్దామంటే ప్రోగ్రామును ఆపాలి. ఆపితే ఆ తప్పుకు దారితీసిన పరిస్థితి కూడా చెరిగిపోతుంది.

ఇక్కడే డీబగ్గర్ అక్కరకొస్తుంది. చాలామంది దాన్ని ఆగిన ప్రోగ్రాము ముందు కూర్చుని ఒక్కో వరుసా చూసుకునే పనిముట్టుగానే వాడతారు. కానీ ప్రోగ్రాము ఆగిన ప్రతిసారీ ఏం చేయాలో దానికి ముందే చెప్పి పెట్టవచ్చు. అప్పుడు మనిషి దగ్గర లేకపోయినా రాత్రంతా లాగ్ రాస్తూనే ఉంటుంది. దాని అసలు బలం ఇదేనని నా అభిప్రాయం.

రిచర్డ్ స్టాల్‌మన్ 1986లో రాసిన జీడీబీ అనే డీబగ్గర్‌నే తీసుకుందాం. ఇంటెల్ తరహా ప్రాసెసర్ మీద ఒక చోట ప్రోగ్రాము ఆగేలా బ్రేక్‌పాయింట్ పెట్టమంటే, అక్కడున్న ఆదేశంలోని మొదటి బైటును అది తీసి దాచుకుంటుంది. దాని స్థానంలో 204 అనే విలువను రాస్తుంది. ప్రాసెసర్‌కు అది ‘ఇక్కడ ఆగు’ అనే ఆదేశం. ఆ ఆదేశం ఒక్క బైటే కావడం ముఖ్యం. ఎంత చిన్న ఆదేశం మీద పెట్టినా పక్కదాన్ని చెరపదు. ప్రాసెసర్ అక్కడికి రాగానే పని లినక్స్ కెర్నల్ చేతికి వెళ్తుంది, కెర్నల్ డీబగ్గర్‌కు కబురు చేస్తుంది. పీట్రేస్ అనే సిస్టమ్ కాల్ ద్వారా డీబగ్గర్ రిజిస్టర్లనూ మెమరీనీ చదువుకుంటుంది. ఆ తర్వాత అసలు బైటును తిరిగి పెట్టి, ఆ ఒక్క ఆదేశాన్ని నడిపించి, మళ్లీ 204 రాసి ప్రోగ్రామును వదిలేస్తుంది.

చదవడానికీ వదలడానికీ మధ్య మనకు కావలసిన పని చేయించుకోవచ్చు. జీడీబీలో బ్రేక్‌పాయింట్ పెట్టాక ‘కమాండ్స్’ అని రాసి, దాని కింద ‘సైలెంట్’, ఖాతా సంఖ్యనూ నిల్వనూ చూపే ‘ప్రింట్‌ఎఫ్’, చివర ‘కంటిన్యూ’ వరుసగా రాసి, ‘ఎండ్’తో ముగిస్తే చాలు. ఇదే పనికి ‘డీప్రింట్‌ఎఫ్’ అనే ఒకే వరుస ఆదేశం కూడా ఉంది. 2009లో వచ్చిన 7.0 వెర్షన్ నుంచి పైథాన్‌లోనూ రాయవచ్చు. ‘సెట్ పేజినేషన్ ఆఫ్’ మాత్రం మరవకూడదు. మరిస్తే తెర నిండగానే జీడీబీ ఎంటర్ నొక్కమని ఎదురుచూస్తుంది, దాంతోపాటు ప్రోగ్రామూ ఆగిపోతుంది.

నిల్వను మార్చింది ఏ వరుసో తెలియనప్పుడు వాచ్‌పాయింట్ పెట్టాలి. ఇంటెల్ తరహా ప్రాసెసర్లలో ఇందుకోసం నాలుగు చిరునామాలను పట్టే డీబగ్ రిజిస్టర్లు ఉన్నాయి. ప్రోగ్రాములోని ఏ వరుస ఆ చిరునామాలో రాసినా ప్రాసెసరే పట్టిస్తుంది.

ఇలా ఆపి రాసుకోవడానికి మూల్యం కాలం. ఆగిన ప్రతిసారీ ప్రోగ్రాము నుంచి కెర్నల్‌కు, అక్కడి నుంచి డీబగ్గర్‌కు, తిరిగి ప్రోగ్రాముకు ప్రయాణం తప్పదు. నిల్వ సున్నా కంటే తగ్గినప్పుడే ఆగమని షరతు పెట్టినా మామూలుగా జీడీబీ ప్రతిసారీ ఆపి, షరతు చూసి వదులుతుంది. లాగ్ చిన్నదవుతుంది గాని భారం తగ్గదు. సెకనుకు లక్షసార్లు నడిచే ఫంక్షన్ మీద పెడితే సర్వర్ కదలదు. పైగా రెండు థ్రెడ్ల పోటీ వల్ల పుట్టే తప్పు, వేగం మారగానే మాయం కావచ్చు. అలాంటి చోట కెర్నల్‌లోనే పని ముగించే యూప్రోబ్స్ వంటివి మేలు. అవి 2012లో లినక్స్ 3.5తో వచ్చాయి.

మరో ప్రమాదం ఉంది. పని మధ్యలో డీబగ్గర్‌ను బలవంతంగా చంపితే ఆ 204 బైట్లు ప్రోగ్రాములోనే ఉండిపోతాయి. తర్వాత వాటి మీదికి రాగానే ప్రోగ్రాము కూలుతుంది. కాబట్టి ఎప్పుడూ ‘డిటాచ్’ చేసే బయటికి రావాలి. లాగ్‌లోకి పాస్‌వర్డులు, కార్డు నంబర్లు జారిపోకుండా చూసుకోవడం కూడా మన బాధ్యతే.

ఇంజినీరింగ్ చదువుతున్నవారు ఇది నేర్చుకోవడానికి సర్వర్ దాకా పోనక్కర్లేదు. సీ భాషలో ఒక చిన్న లూప్ రాసి, ‘మైనస్ జీ’ అనే ఆప్షన్ పెట్టి కంపైల్ చేసి, లోపల ఒక డీప్రింట్‌ఎఫ్ పెట్టి చూడండి.