పెన్నాగరంలో లైలాక్ పూస్తుందా?

లైలాక్ అనగానే అది పూర్తిగా దొరల పువ్వు అనుకుంటాం. నిజానికి ఆ పేరుకు మూలం మన ‘నీలం’. సంస్కృతంలోని నీల శబ్దమే పర్షియన్‌లో నీలక్, లీలక్ అయి, అరబ్బుల మీదుగా ఐరోపా చేరి లైలాక్‌గా స్థిరపడింది. పేరు మనదే గాని మొక్క మాత్రం మన ఎండలకు లొంగదు. చలికాలంలో కొన్ని వారాలపాటు గట్టి చలి తగిలితే తప్ప దాని మొగ్గ సరిగా విచ్చుకోదు.

అమెరికా ఈశాన్య రాష్ట్రాలలో స్థిరపడిన మన కుటుంబాలకు ఆ చింత లేదు. చిన్న పెరడైతే ‘మిస్ కిమ్’ అనే పొట్టి రకం వేసుకోవచ్చు. 1947లో ఎల్విన్ మీడర్ అనే శాస్త్రజ్ఞుడు కొరియా కొండల్లో సేకరించిన విత్తనాల నుంచి వచ్చిన రకమిది. సాధారణంగా ఐదారు అడుగులకు మించదు. పూలు వాడిన వెంటనే కత్తిరించాలి. ఆలస్యమైతే మరుసటి ఏటి మొగ్గలు కత్తెర పాలవుతాయి.

మరి పెన్నాగరం వంటి చోట ఉన్న మా మాటేమిటి? ధర్మపురి నుంచి హొగెనక్కల్ వెళ్ళే దారిలో ఉన్న ఊరిది. జిల్లాలో చాలాచోట్ల భూగర్భజలంలో ఫ్లోరైడు ఎక్కువ. 2013లో హొగెనక్కల్ పథకం ప్రారంభమయ్యాక కావేరి నీరు తాగడానికి వస్తోంది. ఆ నీటిని పూలమొక్కకు పోస్తానంటే మా ఆవిడ ఒప్పుకోదు, ఒప్పుకోకపోవడమే న్యాయం. పైగా మాబోటి బ్యాంకు ఉద్యోగులకు కొన్నేళ్ళకోసారి బదిలీ తప్పదు. అద్దె ఇంట్లో మామిడి నాటితే అది దానం పద్దు కిందే జమ. గోడవార రెండడుగుల జాగాలో, బియ్యం కడిగిన నీళ్ళతో బతికి, మొదటి చలికాలానికే పూసే మొక్క కావాలి.

ఆ మొక్క డిసెంబరాలు. కొన్నిచోట్ల నీలాంబరాలనీ, గొబ్బిపూలనీ అంటారు. లిన్నేయస్ 1753లో దీనికి బార్లేరియా క్రిస్టాటా అని పేరు పెట్టాడు. కనకాంబరానిదీ దీనిదీ ఒకే కుటుంబం. వాసన ఉండదు, ఆ విషయంలో లైలాక్‌దే పైచేయి. రంగు మాత్రం అచ్చంగా అదే లేత ఊదా. తెలుపు, గులాబి రకాలూ ఉన్నాయి.

పెంపకం తేలిక. ఆషాఢంలో నాలుగంగుళాల ముదురు కొమ్మను ఇసుక కలిపిన ఎర్రమట్టిలో గుచ్చి, నీడన ఉంచితే నెల తిరక్కుండా వేరు పడుతుంది. అడుగు వెడల్పు కుండీ చాలు. చివికిన పశువుల ఎరువు రెండు దోసిళ్ళు వేసి, సగం పూటైనా ఎండ తగిలేచోట పెట్టాలి. పైమట్టి ఆరాకే నీరు పోయాలి, అడుగున నిలవకూడదు.

మొక్క గుబురుగా ఉండాలంటే అంతా కత్తెరలోనే ఉంది. వదిలేస్తే నాలుగడుగులు సాగి ఒరిగిపోతుంది. సంక్రాంతి దాటి పూత అయిపోయాక అడుగు ఎత్తుకు కోసేయాలి. చిగుళ్ళు వచ్చేకొద్దీ కొసలు తుంచుతూ ఉండాలి. తమిళుల ఆడి మాసం దాటిందంటే ఇక కత్తెర దాచేయవలసిందే. పూత కొత్త కొమ్మల మీదే వస్తుంది కదా! ఎండిన కాయలు చిట్లి గింజలు దూరంగా పడతాయి. పసిఫిక్ దీవుల్లో కొన్నిచోట్ల ఇది కలుపుగా మారింది కూడా. అక్కడ ఉన్నవారు కాయలు ముదరకముందే తుంచెయ్యాలి.

ఇంత శ్రమా దేనికంటే, ధనుర్మాసం కోసం. ఇక్కడి తమిళుల ఇళ్ళ ముందు కోలం మధ్య పేడముద్ద మీద గుమ్మడిపువ్వు కనిపిస్తుంది. మన వాకిట్లో గొబ్బెమ్మల మీద డిసెంబరాలు గుచ్చుతాం. తెలుగు అక్షరాలు కూడబలుక్కునే మన పిల్లలు సైతం ఈ పనికి మాత్రం పొద్దున్నే లేస్తారు. పువ్వు పెరట్లో ఉంటే చాలు, ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు.

బదిలీ ఉత్తర్వు వచ్చినప్పుడు కుండీలను లారీ ఎక్కించనవసరం లేదు. తడి గోనెగుడ్డలో నాలుగు కొమ్మలు చుట్టి వెంట తీసుకెళ్ళవచ్చు. పాతమొక్క ఇంటి యజమానురాలికి.