డోవర్ లేన్ రాత్రులు: ఒక శ్రోత అభిప్రాయాలు

కలకత్తా కార్యాలయానికి బదిలీ ఉత్తర్వులు అందిన నాడు విశాఖపట్నంలోని మిత్రులు మాకు తలా ఒక సలహా ఇచ్చారు. చేపల బజారు పక్కన ఇల్లు తీసుకోవద్దని ఒకరు, దుర్గాపూజ రోజులలో ఊరు విడిచి రావద్దని మరొకరు, వర్షాకాలంలో మోకాలి లోతు నీటిలో నడవడానికి సిద్ధపడి వెళ్ళమని ఇంకొకరు చెప్పారు. జనవరి మాసంలో నాలుగు రాత్రులు వరుసగా జాగరణ చేయవలసి వస్తుందని మాత్రం ఎవరూ చెప్పలేదు. (ఆ నగరం పేరు 2001లోనే కోల్‌కతాగా మారింది. మా నోటికి పాత పేరే అలవాటు. పాఠకులు మన్నించాలి.)

మేము ఉద్యోగంలో చేరిన రెండవ నెలలోనే అకౌంట్స్ విభాగంలోని ఒక పెద్దమనిషి సెలవు పత్రం చేతపట్టుకొని మా బల్ల వద్దకు వచ్చారు. ఆయనను కార్యాలయమంతా దాదా అనే పిలిచేది. "23 నేతాజీ జయంతి, 26 గణతంత్ర దినోత్సవం. నడుమ రెండు సి.ఎల్.లు పెట్టండి. టిక్కెట్ల సంగతి నేను చూసుకుంటాను" అన్నారు. ఏ ఊరికి టిక్కెట్లు అని అడిగాము. ఆయన నవ్వి, "డోవర్ లేన్" అన్నారు.

డోవర్ లేన్ దక్షిణ కలకత్తాలోని ఒక వీధి పేరు. 1952లో ఆ వీధివారు ప్రారంభించుకొన్న సంగీత సమ్మేళనం క్రమంగా వీధిని దాటి పెరిగి, రవీంద్ర సరోవరం ఒడ్డున ఉన్న నజ్రుల్ మంచ్‌కు చేరుకొన్నది. పేరు మాత్రం ఆ వీధిదే మిగిలిపోయింది. రవిశంకర్, అలీ అక్బర్ ఖాన్, విలాయత్ ఖాన్, నిఖిల్ బెనర్జీ, భీమ్‌సేన్ జోషి వంటి మహామహులు ఆ వేదిక మీద కూర్చున్నవారే. జనవరి 22న మొదలై నాలుగు రాత్రులు సాగి, 26వ తేదీ ఉదయాన ముగుస్తుంది. ఒక పెద్ద విద్వాంసునికో విదుషీమణికో 'సంగీత్ సమ్మాన్' పేరిట సత్కారం కూడా జరుగుతుంది.

మా చిన్నతనంలో మేము ఎరిగిన కచేరీ వేరు. సాయంకాలం ఆరున్నరకు వర్ణంతో మొదలై, తొమ్మిదిన్నరకు మంగళం పాడేసరికి చెప్పులు వెతుక్కోవడమే. నజ్రుల్ మంచ్‌లో తొమ్మిదిన్నరకు అసలు సభ ఇంకా వేడెక్కదు. శాలువలు, మంకీ క్యాపులు, ఫ్లాస్కులు, పిల్లల కోసం దుప్పట్లు తెచ్చుకొని సంసారాలకు సంసారాలే వచ్చి కూర్చుంటాయి. రెండు గంటల వేళ పక్క కుర్చీలోని వృద్ధుడు గురక పెడుతున్నాడని మనం అనుకొంటాము. తబలా సమం మీద పడగానే ఆయన కళ్ళు మూసుకొనే "ఆహా" అంటాడు. అప్పుడు సిగ్గుపడవలసినది మనమే.

ఈ జాగరణ వెనుక ఒక కారణం ఉన్నది. హిందుస్థానీ సంప్రదాయంలో ప్రతి రాగానికి ఒక వేళ ఉన్నది. సంధ్యవేళ యమన్, రాత్రి బాగేశ్రీ, నడిరేయి దర్బారీ, మాల్కౌన్స్, తెల్లవారుజామున లలిత్, సూర్యోదయానికి భైరవ్. సాయంకాలపు కచేరీలకు మాత్రమే పోయే శ్రోత జీవితమంతా విన్నా లలిత్ రాగాన్ని దాని వేళలో వినడు. మన సంగీతంలో ఈ నియమం ఇప్పుడు అంత పట్టింపుగా లేదు. అయినా మనవారికి ఆ రాగాలు అపరిచితాలు కావు. యమన్ వింటే మన కల్యాణి, మాల్కౌన్స్ వింటే హిందోళం, భైరవ్ వింటే మాయామాళవగౌళ తడుతుంది. పేర్ల దగ్గరే చిక్కు. వారి భైరవి స్వరాలు మన తోడివి. వారి తోడి స్వరాలు మన శుభపంతువరాళివి. ఈ చిక్కు మా ఇంట్లో ఒకసారి పెద్ద వాదానికే దారితీసింది. అది తరువాత చెబుతాము.

ఇక అభిప్రాయాలు. మొదటిది ఫిర్యాదే, కానీ కళాకారుల మీద కాదు, మా వంటి శ్రోతల మీద. సితార్ వాద్యకారుడు ముప్పావు గంట సేపు ఆలాపనలో ఒక్కొక్క స్వరాన్నే దీపం పెట్టినట్లు నిలుపుతూ వస్తాడు. చప్పట్లు ఉండవు. చివరి పది నిమిషాలలో తబలాతో సవాల్-జవాబ్ మొదలు కాగానే హాలు హోరెత్తుతుంది. ఆ వేగం సాధన లేనిదే రాదు, నిజమే. కానీ ఆ పది నిమిషాల కోసమే ముప్పావు గంటను ఇరవై నిమిషాలకు కుదిస్తున్న యువ వాద్యకారులను కూడా మేము చూశాము. వారిని తప్పు పట్టలేము. దేనికి చప్పట్లు కొడితే అదే వాయిస్తారు. దాదా మాత్రం సవాల్-జవాబ్ మొదలైనప్పుడు ఫ్లాస్కు మూత తీసేవారు. ఆయన నిరసన తెలిపే పద్ధతి అది.

రెండవది బిరుదులు, సత్కారాల సంగతి. కళాకారులను గౌరవించడం ఆ నగరానికి కొత్త కాదు. జైపూర్-అత్రౌలీ ఘరానా గాయని కేసర్‌బాయి కేర్కర్‌కు 'సుర్‌శ్రీ' బిరుదు ఇచ్చినది 1948లో కలకత్తా సంగీతాభిమానులే. అప్పటికి ఆమె వయస్సు 56. తరువాత కూడా ఎన్నో సంవత్సరాలు ఉజ్జ్వలంగా పాడి, 1960ల దశకంలో సభల నుండి తానే విరమించుకొన్నారు. 1977లో అమెరికా వారు ప్రయోగించిన వాయేజర్ నౌకలలోని బంగారు రికార్డులో మూడున్నర నిమిషాల ఆమె భైరవి ఉన్నది. ఆ సంవత్సరం సెప్టెంబరులోనే ఆమె కాలధర్మం చెందారు. దీనికి పూర్తిగా వేరైన దారి గిరిజాదేవి గారిది. కాశీలో పుట్టి, కలకత్తాలోని సంగీత్ రీసెర్చ్ అకాడమీలో ఎందరికో గురువైన ఆ విదుషీమణి డోవర్ లేన్ వారి సంగీత్ సమ్మాన్ కూడా అందుకొన్నారు. ఎనభై దాటినా ఠుమ్రీ పాడుతూనే ఉండి, 2017 అక్టోబరులో తన 88వ ఏట కలకత్తాలోనే కన్నుమూశారు. సమయం చూసి ఆపడమా, ఊపిరి ఉన్నంత వరకు పాడడమా? చాలాకాలం మేము కేసర్‌బాయి పక్షమే. గొంతు చెడిన తరువాత పాడడం శ్రోతకు, గాయకునికి కూడా కష్టమని కార్యాలయంలో టీ వేళ గట్టిగా వాదించేవారము.

ఆ వాదం సడలిన రాత్రిని గురించి చెప్పడానికే ఈ వ్యాసం.

2007 చలికాలంలో మా నాన్నగారు మా వద్ద ఉండడానికి వచ్చారు. అప్పటికి ఆయనకు 74 సంవత్సరాలు. వాల్తేరు రైల్వే అకౌంట్స్‌లో పని చేసి పదవీ విరమణ చేసినవారు. పుట్టి పెరిగినది విజయనగరం. 1919లో వెలసిన అక్కడి సంగీత కళాశాలకు ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి అధ్యక్షులు. ద్వారం వెంకటస్వామినాయుడు గారు 1936 నుండి ఆ పదవిలో ఉన్నారు. బాల్యంలో నాయుడుగారి వయొలిన్‌ను గోడ అవతల నిలబడి వినేవారట. ఏ కచేరీకి పోయినా కార్యక్రమ పత్రం మీద పెన్సిలుతో ప్రతి అంశానికి ఎదురుగా ఒక వ్యాఖ్య వ్రాసుకోవడం ఆయన అలవాటు. ఆడిట్ బుద్ధి అని మా అమ్మగారు నవ్వేవారు.

ఆ డిసెంబరులో నగరంలోని ఒక సభవారు ఒక వృద్ధ గాయకునికి పురస్కారం ప్రకటించారు. సభ పేరు గాని, ఆయన పేరు గాని ఇక్కడ అనవసరం. నాన్నగారిని, మా శ్రీమతిని, దాదాను వెంటబెట్టుకొని వెళ్ళాము. తొమ్మిది గంటలకు గానం అన్నారు. ముందు దీపారాధన, తరువాత ప్రసంగాలు, శాలువ, జ్ఞాపిక, మళ్ళీ ప్రసంగాలు. దాదాపు ఎనభై ఏళ్ళ ఆ పెద్దాయన మెడలో దండతో రెండు గంటలకు పైగా వేదిక మీద కూర్చున్నారు. ఆయన తంబురాల మధ్యకు చేరేసరికి పదకొండున్నర అయింది.

మాల్కౌన్స్ ఎత్తుకొన్నారు. మధ్య స్థాయిలో బాగానే ఉంది. పై షడ్జం దగ్గరకు వచ్చేసరికి గొంతు పలకలేదు. వెనుక కూర్చున్న శిష్యుడు ఆ స్వరాన్ని అందుకొని నిలబెట్టాడు. మరొకసారి ప్రయత్నించారు, దగ్గు వచ్చింది. మూడవసారి స్వరం రెండుగా చీలింది. ముందు వరుసలోని పెద్దలు ఒక్కొక్కరే లేచి వెళ్ళసాగారు. మేము దాదా వైపు చూశాము, దాదా మా వైపు చూశారు. చూడలేక, మా శ్రీమతిని కూడా పిలుచుకొని టీకి బయటకు వచ్చేశాము. నాన్నగారిని పిలిస్తే చేయి ఊపి కూర్చుండిపోయారు.

బయట మట్టి కప్పులలో టీ త్రాగుతూ మా వాదాన్ని మళ్ళీ నెగ్గించుకొన్నాము. "ఇక్కడ ఎవరూ జాలితో చప్పట్లు కొట్టరు, అదే ఆయనకు దక్కే మర్యాద" అని దాదా అన్నారు. మాటలలో ముప్పావు గంట గడిచింది.

తిరిగి లోపలికి వెళ్ళేసరికి సగం ఖాళీ అయిన హాలులో చీమ చిటుక్కుమంటే వినిపించే నిశ్శబ్దం. పెద్దాయన కళ్ళు మూసుకొని, చాలా క్రింద, మంద్రస్థాయిలో, ఒక్క గాంధారాన్ని ఊపుతున్నారు. మేము విన్నది చివరి ఐదు నిమిషాలే. ఆ ఐదు నిమిషాలలో కూడా మా తలుపు చప్పుడు, కుర్చీల చప్పుడు కొంత కలిసిపోయింది.

జరిగినదేమిటో ఇంటికి పోయే దారిలో టాక్సీలో నాన్నగారు చెప్పారు. మేము లేచిన కొద్దిసేపటికే ఆయన మాల్కౌన్స్ ఆపివేశారట. సభకు నమస్కరించి, "ఈ వయస్సులో అది నా మాట వినడం లేదు" అని హిందీలో అని, తంబురాలు ఒకసారి సరిచేయించుకొని, దర్బారీ ఎత్తుకొన్నారట. దర్బారీ ప్రాణమంతా క్రింది స్థాయిలోనే ఉన్నది. పైకి పోవలసిన అవసరం తక్కువ. ఆ రాగంలో గాంధారం నిశ్చలంగా నిలువదు, మెల్లగా ఊగుతూ ఉంటుంది. ముసలి గొంతులోని వణుకు ఆ ఊగడంలో ఇమిడిపోయి, ఏది వణుకో ఏది ఆందోళనో తెలియకుండా పోయిందట. "పై షడ్జం అందలేదని లేచి వెళ్ళారు గదా, ఆయన దాన్ని అప్పుడే వదిలేశాడురా" అన్నారు నాన్నగారు. ఆపైన ఇల్లు చేరే వరకు మాట్లాడలేదు. దాదా కూడా తన వీధి మొదట దిగే వరకు కిటికీలో నుండి బయటకే చూస్తూ కూర్చున్నారు.

ఆ తరువాత మేము ఏ సభలోనూ మధ్యలో లేవలేదు. అయితే చెడుగా పాడినా బాగుందనడం మాకు ఇప్పటికీ చేతకాదు. నిర్వాహకులకు మాత్రం ఒక మనవి. పురస్కారం ఒక రోజు ఇవ్వండి, గానం మరొక రోజు పెట్టండి. లేదా ముందు పాడనిచ్చి తరువాత దండ వేయండి. రెండు గంటలు ప్రసంగాలు వినిపించి ఎనభై ఏళ్ళ మనిషిని పాడమనడం గౌరవం కాదు. సాధ్యమైతే పురస్కారమే ఇరవై ఏళ్ళు ముందుగా ఇవ్వండి.

రాత్రి సభల మాటకు వస్తే, అవి దేశంలో అరుదైపోతున్నాయి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి పది గంటల తరువాత ఆరుబయట లౌడ్‌స్పీకర్లు వాడరాదు. పూణెలో భీమ్‌సేన్ జోషి తమ గురువు పేరిట 1953లో ప్రారంభించిన సవాయి గంధర్వ ఉత్సవం వంటివి కూడా తెల్లవార్లూ జరిగే పద్ధతిని వదులుకోవలసి వచ్చింది. నాలుగు గోడల మధ్య జరిగే సభలకు ఈ నిషేధం లేదు. నిద్రపోయేవారి హక్కు న్యాయమైనదే, కాదనము. కానీ లలిత్ రాగానికి పోవడానికి వేరే వేళ లేదు.

2008 జనవరిలో నాన్నగారిని డోవర్ లేన్‌కు తీసుకొని వెళ్ళాము. నాలుగవ రాత్రి చివర, తెల్లవారిన తరువాత, తోడి అని ప్రకటించారు. నాన్నగారు సంతోషంగా సర్దుకొని కూర్చున్నారు. రెండు నిమిషాలలో ముఖం మారింది. "ఇది తోడి ఏమిటి, శుభపంతువరాళి గదా!" అని పైకే అన్నారు. ముందు వరుసలోని బెంగాలీ ఆవిడ వెనుదిరిగి చూశారు. బయట లూచీ, ఆలూదమ్ తింటున్నంత సేపూ అదే వాదం. పేరు ఎవరిది ఒరిజినలు అన్న విషయంలో దాదాకు, నాన్నగారికి రాజీ కుదరలేదు. రిపబ్లిక్ డే జెండాలు అమ్మే పిల్లవాడు వచ్చి ఇద్దరికీ చెరొకటి అంటగట్టాడు.

నాన్నగారు 2011లో స్వర్గస్థులయ్యారు. ఆయన పెట్టెలో కార్యక్రమ పత్రాల కట్ట ఒకటి దొరికింది. ప్రతి పేరుకు ఎదురుగా పెన్సిలు వ్రాత. "శ్రుతి శుద్ధం, తొందర ఎక్కువ." "తబలా మింగేసింది." "మళ్ళీ వినాలి." ఆ డిసెంబరు సభ పత్రం మీద వృద్ధ గాయకుని పేరుకు ఎదురుగా వ్యాఖ్య ఏమీ లేదు. "11.50 నుండి 12.40. దర్బారీ." అని మాత్రం ఉన్నది. దాని క్రింద ఇంకొంచెం చిన్న అక్షరాలతో: "అబ్బాయి, కోడలు టీకి వెళ్ళారు."