ఏ మిషను కొనాలి తమ్ముడూ?

వేసవిలో వినుకొండ నుంచి నరసరావుపేటకో, మార్కాపురానికో వెళ్లొచ్చిన కారును చూడండి. ఒంటినిండా దుమ్మే! చేతికందిన పొడిగుడ్డతో తుడిచేస్తాం. ఆ దుమ్ములోని ఇసుకరేణువులు పెయింటుకన్నా గట్టివి. ఏడాదిపాటు అలా తుడిస్తే, ఎండలో సాలెగూడులాంటి సన్నగీతలు బయటపడతాయి. వాటిని పోగొట్టేదే పాలిషింగ్ మిషను. ఈ పనితో బతుకుదెరువు వెతుక్కుందామనుకునే తమ్ముళ్లు నన్ను మొదట అడిగేది, "అన్నా, ఏ మిషను కొనమంటావ్?" అనే.

మిషనుకన్నా ముందు పెయింటు సంగతి తెలియాలి. నేటి కార్లలో రంగుమీద క్లియర్ కోటు అనే పారదర్శకమైన పొర ఉంటుంది. దాని మందం చాలా కార్లలో సుమారు 40–50 మైక్రాన్లు. అంటే మనం రాసుకునే కాగితంలో సగం. పాలిష్ చేయడమంటే గీతను పూడ్చడం కాదు, గీత లోతుదాకా ఆ పొరను అరగదీయడం. అరిగింది మళ్లీ రాదు. ఎండనుంచి రంగును కాపాడేదీ ఆ పొరే!

ఇక మిషన్లు ముఖ్యంగా మూడు రకాలు. మొదటిది రోటరీ. ప్యాడు ఒకే ఇరుసుమీద గిర్రున తిరుగుతుంది. అంటే భ్రమణం మాత్రమే. కోత ఎక్కువ, వేడీ ఎక్కువే. ఒకేచోట కాసేపు ఆగితే పెయింటు కాలుతుంది. చేయి తిరగనివారు పట్టుకుంటే సుడిగీతలు మిగులుతాయి.

రెండోది డ్యూయల్ యాక్షన్. భూమికి మల్లే దీని ప్యాడుకు భ్రమణమూ ఉంది, పరిభ్రమణమూ ఉంది. గట్టిగా అదిమితే తిరగడం ఆగిపోయి ఊగడమే మిగులుతుంది. ఆ బలహీనతే మనకు రక్ష! ఊగే కొలత 8, 15, 21 మిల్లీమీటర్లుగా దొరుకుతుంది. విశాలమైన బానెట్టుకు 21, ఇరుకు మూలలకు 8, అన్నింటికీ సర్దుకునేది 15.

మూడోది ఫోర్స్‌డ్ రొటేషన్. ఇదీ రెండు కదలికలదే. కానీ పళ్లచక్రాలు తిప్పుతాయి కనుక అదిమినా ఆగదు. కోత బాగుంటుంది, అంచులదగ్గర జాగ్రత్త తప్పదు.

కాబట్టి కొత్తగా మొదలుపెట్టేవారు 15 మిల్లీమీటర్ల డ్యూయల్ యాక్షన్, 5 అంగుళాల ప్లేటుతో కొనుక్కోవడం మేలు. కొత్తగా పెయింటు వేసి ఎమరీ కాగితం పట్టిన చోట్ల రోటరీకి సాటిలేదు. పైపై గీతలకు దాన్ని ఎత్తడం మాత్రం పిచ్చుకమీద బ్రహ్మాస్త్రమే.

మిషను ఏదైనా పద్ధతి ఒకటే. కారు కడిగి, నీడలో నిలిపి, లోహం చల్లబడనివ్వండి. అంచులకు టేపు అంటించండి. అడుగు చదరం చోట మెత్తని ఫోము ప్యాడుతో, తేలికైన పాలిషుతో పరీక్షించండి. చాలకపోతేనే గట్టిదానికి వెళ్లండి. గోరు తగులుకునేంత లోతు గీత పాలిషుతో పోదు. ఆ మాట కారువాడికి ముందే చెప్పేయాలి. పాత అంబాసిడర్లలాంటి క్లియర్ కోటు లేని బళ్లలో ప్యాడుకు రంగే అంటుకుంటుంది. కంగారుపడనక్కర్లేదు గాని, ఎక్కువ రుద్దకూడదు.

"అన్నా, నెలనెలా పాలిష్ చేస్తే ఆదాయం కదా?" అంటాడొక తమ్ముడు. నాలుగు డబ్బులు వస్తాయి, నిజమే. కానీ అప్పుచేసి ట్యాక్సీ కొన్నవాడి కారుకు ఆ పొర ఒక్కటే కదా ఉన్నది! కడిగేటప్పుడు రెండు బకెట్లు, తుడిచేటప్పుడు మెత్తని మైక్రోఫైబరు గుడ్డ వాడమని నేర్పి పంపండి. అతడు మళ్లీ మీ దగ్గరికే వస్తాడు.