పశువుల పాకలో వీడియో విశ్లేషణ: ఎద గుర్తింపునకు ఎడ్జ్ కంప్యూటింగ్

పాడి ఆవులో ఎద చక్రం సగటున 21 రోజులు. ఒక ఎదను గుర్తించలేకపోతే ఈతల మధ్య వ్యవధి మరో మూడు వారాలు పెరుగుతుంది. ఆ దినాల మేత, దాణా ఖర్చు రైతుపైనే పడుతుంది. ఎద సాధారణంగా 12 నుండి 18 గంటలు ఉంటుంది. తోటి పశువు పైకి ఎక్కినప్పుడు కదలక నిలబడటం ఎదకు అత్యంత విశ్వసనీయమైన లక్షణం. అయితే ఇది ప్రతిసారీ కొన్ని సెకన్లలో ముగిసిపోతుంది. తరచు రాత్రివేళ, తెల్లవారుజామున జరుగుతుంది. ఆ వేళల్లో పాకలో మనిషి ఉండడు గాని కెమెరా ఉండగలదు.

కెమెరా చూసినదంతా దూరాన ఉన్న సర్వరుకు పంపి విశ్లేషించడం గ్రామాల్లో ఆచరణసాధ్యం కాదు. సెకనుకు 4 మెగాబిట్ల చొప్పున కుదించిన వీడియో సైతం గంటకు 1.8 గిగాబైట్లు, రోజుకు 43 గిగాబైట్లకు పైగా అవుతుంది. అందువలన పాకలోనే ఒక చిన్న కంప్యూటరును అమర్చి, దృశ్యాన్ని అక్కడే పరిశీలించి, ఫలితాన్ని మాత్రమే బయటకు పంపాలి. సమాచారం పుట్టిన చోటనే దానిని విశ్లేషించే ఈ పద్ధతిని ఎడ్జ్ కంప్యూటింగ్ అంటారు. రాస్ప్‌బెర్రీ పై, జెట్సన్ నానో వంటివి ఇందుకు వాడుకలో ఉన్న పరికరాలు. వీటి శక్తి పరిమితం కనుక, పనిని ఎంతవరకు తగ్గించవచ్చునన్నదే అసలు ప్రశ్న. దీనికి సమాధానం కంప్యూటరు కన్నా ముందు పశువు ప్రవర్తనలో వెతకాలి.

సెకనుకు 30 ఫ్రేముల చొప్పున రోజుకు 25,92,000 ఫ్రేములు వస్తాయి. కాని నాలుగైదు సెకన్లు సాగే చర్యను పట్టుకొనుటకు సెకనుకు రెండు ఫ్రేములు చాలు. ఒక్కొక్క సంఘటనకు ఎనిమిది, పది చిత్రాలు లభిస్తాయి. దీనితో ఫ్రేముల సంఖ్య 1,72,800కు, అంటే పదిహేనవ వంతుకు తగ్గుతుంది. వీటిలోనూ అధిక భాగం పశువులు పడుకొని నెమరు వేసే దృశ్యాలే. వరుస ఫ్రేముల మధ్య తేడాను లెక్కించే సులభమైన గణనతో కదలిక లేనివాటిని వదిలివేయవచ్చు. మిగిలిన వాటిలో పశువులను గుర్తించి, రెండు పశువుల ఆకృతులు ఒకదానిపై ఒకటి పడినప్పుడు మాత్రమే పెద్ద నమూనాను మేల్కొలపాలి. చాలా కెమెరాలు పెద్ద చిత్రంతో పాటు తక్కువ పరిమాణం గల రెండవ వీడియో ధారను కూడా ఇస్తాయి. తొలి పరిశీలనకు దానిని వాడితే చిత్రాలను కుదించే శ్రమ కూడా తప్పుతుంది.

ఒక్క ఫ్రేముతో నిర్ణయించడం మాత్రం ప్రమాదకరం. ఒక ఆవు వెనుక మరొకటి నిలబడినా, గడ్డం ఆనించినా, ఎదురుగా ఉన్న కెమెరాకు ఎక్కినట్లే తోచవచ్చు. కాలక్రమంలో జరిగిన మార్పును చూడాలి. ఇందుకు వాడే త్రిమితీయ కన్వల్యూషన్ నమూనాలు చిన్న పరికరాలకు భారం. 2019లో ప్రతిపాదించిన టెంపోరల్ షిఫ్ట్ మాడ్యూల్ దీనికి చక్కని ఉపాయం చూపింది. ప్రతి ఫ్రేము నుండి వెలికితీసిన లక్షణాలలో కొంత భాగాన్ని పక్క ఫ్రేముకు జరుపుతుంది. అదనపు గుణకారాలేవీ లేకుండానే ముందు వెనుకల సంబంధం నమూనాకు తెలుస్తుంది. ప్రత్యక్ష వీడియోలో గత ఫ్రేము నుండి ప్రస్తుత ఫ్రేముకు మాత్రమే జరిపితే సరిపోతుంది.

నమూనాను కూడా తేలిక చేయాలి. 2017లో వెలువడిన మొబైల్‌నెట్ నిర్మాణం, సాధారణ కన్వల్యూషన్‌ను రెండు చిన్న దశలుగా విడగొట్టి గణనను ఎనిమిది, తొమ్మిది రెట్లు తగ్గించింది. 32 బిట్ల సంఖ్యలను 8 బిట్లకు కుదించే క్వాంటైజేషన్ వలన నమూనా పరిమాణం నాలుగవ వంతు అవుతుంది. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. కుదించేటప్పుడు పగటి చిత్రాలను మాత్రమే ఆధారంగా తీసుకుంటే, రాత్రి పరారుణ కాంతిలో తీసిన చిత్రాలపై నమూనా తడబడుతుంది. మనకు కావలసినది రాత్రి చిత్రాలే కదా! అలాగే, నమూనాలో అక్కడక్కడా భారాంకాలను తొలగించడం వలన సాధారణ ప్రాసెసరుపై వేగం పెద్దగా పెరగదు; మొత్తం ఛానెళ్లను తొలగించినప్పుడే ప్రయోజనం కనిపిస్తుంది.

ప్రకటనలలో ‘తక్షణ విశ్లేషణ’ అన్న మాటకు ఇచ్చే ప్రాధాన్యం ఈ పనిలో అనవసరం. ఉదయం ఎద కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మరునాటి ఉదయం కృత్రిమ గర్భధారణ చేయించాలన్నది పాటిస్తున్న నియమం. హెచ్చరిక పది నిమిషాలు ఆలస్యమైనా నష్టం లేదు. కనుక అనుమానాస్పద దృశ్యాలను నిల్వచేసి, తీరికగా ఒక్కొక్కటే పరిశీలించే చవకైన పరికరం చాలును. పది వాట్ల పరికరానికి రోజుకు 240 వాట్ అవర్ల విద్యుత్తు కావాలి. వేసవి మధ్యాహ్నం రేకుల పాకలో ప్రాసెసరు వేడెక్కి తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. ప్రయోగశాలలో కొలిచిన వేగాన్ని నమ్మి పరికరాన్ని ఎంపిక చేయరాదు.

పొరపాటు హెచ్చరికకు కూడా మూల్యం ఉంది. కొన్ని చూడి పశువులు సైతం ఎద లక్షణాలు చూపుతాయి. వాటికి గర్భధారణ చేయిస్తే గర్భస్రావం జరగవచ్చు. కావున పరికరం తీర్పు చెప్పక, పది సెకన్ల వీడియోను రైతు ఫోనుకు పంపాలి. సెకనుకు ఒక మెగాబిట్ చొప్పున అది సుమారు 1.25 మెగాబైట్లు మాత్రమే. రైతు చూసి, చూడి నమోదును సరిచూసుకొని, పశువైద్యుని గాని గోపాలమిత్రను గాని పిలుస్తాడు.

ఈ పద్ధతి కట్టివేయకుండా విడిగా తిరగనిచ్చే ఆవుల పాకలకే వర్తిస్తుంది. కట్టుగొయ్యకు కట్టిన పశువు మరొకదానిపైకి ఎక్కలేదు. తెలుగు రాష్ట్రాలలో పాడికి ఆధారమైన గేదెలలో మూగ ఎద సాధారణం. ఆడ గేదెలు ఒకదానిపై ఒకటి ఎక్కడం అరుదు. విదేశీ ఆవుల వీడియోలతో శిక్షణ పొందిన నమూనా ముర్రా గేదెల పాకలో పనికిరాదు. తరచు మూత్ర విసర్జన, అశాంతిగా తిరగడం, తోక ఎత్తి ఉంచడం వంటి స్వల్ప లక్షణాలను మన పాకలలోనే రాత్రింబగళ్లు చిత్రీకరించి, పశువైద్యుల పరీక్షతో సరిపోల్చి, కొత్త నమూనాలకు శిక్షణ ఇవ్వవలసి ఉంది. గేదెల అరుపు కూడా ఒక ఎద లక్షణం కనుక, కెమెరాతో పాటు మైకును చేర్చడం ఉపయోగకరం; శబ్ద విశ్లేషణకు వీడియో కన్నా చాలా తక్కువ గణన సరిపోతుంది.