తెలుగు అక్షరానికి రెండు తాళాలు

2022 ఏప్రిల్ 4న ఏలూరు జిల్లా ఏర్పడింది. కైకలూరు, కలిదిండి, ముదినేపల్లి, మండవల్లి మండలాలు కృష్ణా జిల్లా నుంచి ఇందులోకి వచ్చాయి. తాడేపల్లిగూడెం పశ్చిమ గోదావరిలోనే ఉన్నా దాని జిల్లా కేంద్రం భీమవరానికి మారింది. జిల్లా మారడంతో కొల్లేటి చుట్టుపక్కల రొయ్యల మేత దుకాణాల బిల్లు పుస్తకాల మీద, బడుల లెటర్‌హెడ్ల మీద విలాసంలో ఒక మాట మార్చాల్సి వచ్చింది. ఒక్క మాటే. కానీ ఆ ఫైలు పేజ్‌మేకర్‌లో, ‘అను’ అనే పాత తెలుగు ఫాంట్లలో చేసినదైతే కొత్త కంప్యూటర్లో సరిగా తెరుచుకోదు. తెరుచుకున్నా తెలుగుకు బదులు గజిబిజి గుర్తులు కనిపిస్తాయి.

ఆ ఫైలుకు పడిన తాళాలు రెండు. ఒకటి కంటికి కనిపిస్తుంది.

భారతీయ భాషల డీటీపీ ప్యాకేజీలు చాలావరకు డాంగిల్‌తో వచ్చేవి. పుణెలో తయారైన ఐఎస్ఎం, శ్రీలిపి అలాంటివే. తొలినాళ్లలో ప్రింటర్ పోర్టుకు, తర్వాత యూఎస్‌బీకి తగిలించే చిన్న ముక్క అది. ప్రోగ్రాం దానికి ఒక సంఖ్య పంపుతుంది. లోపలి చిప్ తన రహస్య సంకేతంతో లెక్కకట్టి జవాబిస్తుంది. జవాబు సరిపోతేనే ప్రోగ్రాం నడుస్తుంది. దొంగ కాపీ చేసేవాళ్లు చిప్ జోలికి పోనక్కర్లేదు; సరిపోయిందా లేదా అని చూసే ఆదేశాన్ని ప్రోగ్రాంలోనే మార్చేస్తారు. తలుపుకు ఎంత గట్టి తాళం వేసినా పక్కనున్నది తడిక గోడ అన్నమాట.

చట్టం ఈ తాళానికి కాపలా కాస్తుంది. 1957 నాటి కాపీరైట్ చట్టం 1984 సవరణతో కంప్యూటర్ ప్రోగ్రాంను సాహిత్య రచనల వరుసలో చేర్చింది. దొంగ కాపీ అని తెలిసీ వాడితే 63బి సెక్షన్ కింద 7 రోజుల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, రూ.50 వేల నుంచి రూ.2 లక్షల దాకా జరిమానా. వ్యాపారం కోసం కాకపోతే కోర్టు జైలుశిక్ష లేకుండా రూ.50 వేల లోపు జరిమానాతో సరిపెట్టవచ్చు. డీటీపీ సెంటరుకు ఆ వెసులుబాటు ఉండదు, అది వ్యాపారమే కాబట్టి. 2012లో వచ్చిన 65ఎ సెక్షన్ తాళం పగలగొట్టడాన్నే నేరం చేసింది, 2 ఏళ్ల దాకా జైలు. అయితే హక్కును ఉల్లంఘించే ఉద్దేశం ఉండాలని షరతు పెట్టింది. ఇది మంచి షరతు. ప్యాకేజీని సక్రమంగా కొన్నవారు, పాడైపోతే పనికొస్తుందని ఒక నకలు దాచుకోవడం 52వ సెక్షన్ ప్రకారం తప్పు కాదు.

రెండో తాళం అక్షరాల్లోనే ఉంది. పాత ఫాంటులో ఉండే గళ్లు 256. అవి ఇంగ్లిష్ కోసం పుట్టిన గళ్లు. తలకట్టు, కొమ్ము, ఏత్వం, వత్తు ఇలా ముక్కలు చేసి ఎవరికి తోచిన గడిలో వాళ్లు సర్దారు. ఒక సంస్థ ‘క’ పెట్టిన చోట మరో సంస్థ ఇంకేదో పెట్టింది. ఆ ఫాంటు లేకపోతే ఆ రాతకు అర్థమే లేదు. యూనికోడ్ వచ్చాక ప్రపంచమంతటా ‘క’ సంఖ్య 3093. తెలుగుకు 3072 నుంచి 3199 దాకా సొంత స్థానాలున్నాయి.

డాంగిల్ ప్రోగ్రామునే కాపాడింది. అక్షరాల అమరిక మాత్రం డబ్బు పెట్టి కొన్నవాళ్ల రాతను కూడా బందీ చేసింది. ఊరి చరిత్ర, ఆలయ కరపత్రం, కవి సంపుటి రాసినవాళ్లవి, ఫాంటు కంపెనీవి కావు. వాటిని యూనికోడ్‌లోకి మార్చుకుంటే ఎవరి కాపీరైటూ పోదు. పైగా వేరే ప్రోగ్రాం తాము కొన్న ప్రోగ్రాంతో కలిసి పనిచేయడానికి కావలసిన సమాచారం మామూలుగా దొరకనప్పుడు, సక్రమంగా కొన్నవారు దాన్ని రాబట్టుకోవచ్చని 1999 సవరణ 52వ సెక్షన్లో చేర్చింది. అంకెల మార్పిడి పట్టిక తయారుచేసి కన్వర్టర్ రాయడానికి ఈ దారి చాలు. వత్తులు తప్పుతాయి కనుక ప్రూఫు మాత్రం మనిషే చూడాలి.

కొత్త అక్షరాలకూ ఇప్పుడు కొదవ లేదు. తిరుమల కృష్ణ దేశికాచారి పోతన, వేమన ఫాంట్లను ఉచితంగా ఇచ్చారు. అమెరికా తెలుగువారి సంస్థ సిలికానాంధ్ర చొరవతో వచ్చిన మండలి, రామభద్ర, గురజాడ, గిడుగు ఓపెన్ ఫాంట్ లైసెన్సుతో దొరుకుతున్నాయి. తాడేపల్లిగూడెంలోని ఒక డీటీపీ సెంటరు ఈ ఓపెన్ లైసెన్సు ఫాంట్లను ఎన్ని కంప్యూటర్లలోనైనా పెట్టుకోవచ్చు, శుభలేఖలు అచ్చువేసి డబ్బు తీసుకోవచ్చు, అక్షరం మలుపు మార్చి పక్క షాపుకు ఇవ్వవచ్చు. ఫాంటును ఒంటరిగా అమ్మడానికి మాత్రం ఆ లైసెన్సు ఒప్పుకోదు.